వెనక్కి చూడని సంగన్న

కర్ఖేలి సంగన్న తన జీపులో బాలెంతను ఎక్కించుకున్నాక మొట్టమొదట చేసే పని బండి స్టార్టు చేయడం కాదు. తల మీద, వెనక కూర్చున్నవాళ్ళు కనిపించే చిన్న అద్దాన్ని పట్టుకుని పైకి తిప్పేసేవాడు. ఇక నాందేడ్ నుంచి ఊరు చేరేదాకా ఆ అద్దంలో జీపు కప్పు తప్ప మరొకటి కనిపించేది కాదు. కప్పులో చూడదగిన విశేషాలు కూడా ఏమీ లేవు. ఒకప్పుడు ఎర్రగా ఉండిన రెగ్జిను, అది చిరిగిన చోట దూది.

అది అతని మొదటి నియమం. రెండోది, బాలెంత ఎక్కిన బండిని వెనక్కి మలపకపోవడం. ఏం మరిచిపోయినా సరే. ఒకసారి ధర్మాబాద్ బాలెంతను తీసుకుపోతూ, టీ తాగడానికి పోయిన ఆమె భర్తనే దవాఖాన గేటు దగ్గర మరిచిపోయారు. ఊరు దాటాక సంగతి తెలిసి బాలెంత తల్లి "బండి మలుపు, మలుపు" అని మొత్తుకుంది.

"అల్లుడు రైలెక్కి అస్తడు తియ్యవ్వా" అన్నాడు సంగన్న. "బండి మలిపితె మళ్ళ ఇంటికి రానిది బాలెంత."

అల్లుడు పాసింజరు రైలెక్కి వచ్చాడు. వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, వాకిట్లో నిలబడి ఎదురుచూశాడు. అప్పటికి జీపు ఇంకా దారిలో ఉన్న ఉమ్రి దాటలేదని ధర్మాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎందుకంటే మూడో నియమం వేగానికి సంబంధించినది. చక్రం గుంతలో దిగిన సంగతి బాలెంతకు తెలియకూడదు. సైకిళ్ళు దాటిపోయేవి, మేకల మందలు దాటిపోయేవి. బ్యాండు వాయిస్తూ, అడుగడుక్కీ ఆగి ఆడుకుంటూ పోయే ఒక పెండ్లి బారాతు కూడా ఆ జీపును దాటిపోయిందంటారు. ఇందులో బారాతు వాళ్ళ అతిశయోక్తి కొంత ఉండవచ్చు.

ఈ నియమాలు ఏ శాస్త్రంలో ఉన్నాయో ఎవరూ చూడలేదు. చూడవలసిన అవసరం కలగనంత గట్టి శాస్త్రం అది. దవాఖాన వాళ్ళు బాలెంతల్ని ఇంటిదగ్గర దింపడానికి సర్కారు బండి ఇస్తారు, ఊరికే ఇస్తారు. అయినా ఆ తెలుగు, మరాఠీ సరిహద్దు ఊళ్ళ ముసలమ్మలు సంగన్న కోసమే కూర్చునేవాళ్ళు. సర్కారు బండికి అద్దం ఉంటుందట. కాలక్రమంలో సంగన్న ఎప్పుడు బయలుదేరాలో కూడా చెప్పడం మొదలుపెట్టాడు. బుధవారం కదిలించద్దు, అమాస ముంగట కదలాలె, అమాస నాడు పొలిమేర దాటద్దు. డాక్టరమ్మ సెలవు ఇచ్చేది, సంగన్న ముహూర్తం ఇచ్చేవాడు. రెంటికీ తేడా వస్తే ఎవరి మాట చెల్లేదో ఆ డాక్టరమ్మలకు బాగా తెలుసు.

ఈ పెద్దరికం అతనికి వంశపారంపర్యంగా వచ్చింది కాదు. తండ్రి పోచన్న జన్మంతా ఒక పటేలు దగ్గర జీతం ఉన్నాడు. ఆయన దున్నని చెలక ఆ ఊళ్ళో లేదు, ఆయనదైన చెలకా లేదు. సంగన్న కూడా పత్తి ఏరాడు, పసుపు తవ్వాడు, తర్వాత ధర్మాబాద్ లైనులో ఒక జీపు మీద క్లీనరుగా వేలాడాడు. జీపు ముసలిదైంది. సేటుకు దాని మీద విసుగు పుట్టింది. విసుగు పుట్టిన వస్తువులు మన దేశంలో ఎవరి చేతికి రావాలో, అదీ వాళ్ళ చేతికే వచ్చింది.

అద్దం కథ దానికి ముందుది. పెద్ద బిడ్డ రూపాలి నాందేడ్ దవాఖానలో పుట్టినప్పుడు సంగన్న భార్య శివవ్వను పాసింజరు రైల్లో ఇంటికి తెచ్చుకున్నాడు. కాలు పెట్టే సందు లేదు. తలుపు దగ్గర నేల మీద పసిగుడ్డును పట్టుకుని కూర్చుంది. చీర వెనక తడిసింది. నిలబడ్డ మగవాళ్ళందరికీ ఆ రోజు చూడటానికి వేరే ఏమీ దొరకనట్టుంది. సంగన్న తన దుప్పటి విప్పి అడ్డం పట్టుకున్నాడు. కానీ మనిషికి ఉన్నవి రెండు చేతులు, రైలుకు ఉన్నవి నాలుగు దిక్కులు.

శివవ్వకు మాట పడనివ్వడం అలవాటు లేదు. సంతలో బేరం ఆమెతో ఆడినవాడు మళ్ళీ ఆ వీధికి రాడు. అటువంటి మనిషి కర్ఖేలి స్టేషనులో దిగి, నడిచి, ఇంటికొచ్చి, నీళ్ళు పోసుకునేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అంది.

"అందరు జూసిండ్రు. ఒక్కడన్న మొఖం మలుపుకుంటె వాని సొమ్మేం బోతుండె?"

చాలా ఏండ్ల తర్వాత జీపు చేతికొచ్చి, మొదటి బాలెంత ఎక్కినప్పుడు, సంగన్న చెయ్యి దానంతటదే అద్దం మీదికి పోయింది. శివవ్వకు అతను ఇచ్చిన జవాబు అదే. ఆమె ఆ జవాబును ఎన్నడూ మెచ్చుకోలేదు. కాకపోతే అప్పటినుంచి బాలెంతల కోసం జీపులో పరిచే బొంతలు ఆమే ఉతికేది.

ఆ బొంతల మీద పడుకునే వంతు రూపాలికి వచ్చింది.

రూపాలిని ముఖేడ్ ఇచ్చారు. భర్త నితీశ్ పుణెలో ఒక కంపెనీలో పని చేస్తాడు. తొలి కాన్పు తల్లిగారిది గనక నెలలు నిండగానే కర్ఖేలి వచ్చింది, నొప్పులు రాగానే నాందేడ్ పోయింది, ఆడపిల్లను కన్నది. నితీశ్‌కు సెలవు దొరకలేదు. అతని తరఫున తల్లి అనుసూయాబాయి బాలెంతలకు పెట్టే డింకు లడ్డూల డబ్బా చంకన పెట్టుకుని ముఖేడ్ నుంచి దిగింది. చుట్టరికంలో ఆమె వియ్యపురాలు, స్వభావంలో తహసీల్దారు. వార్డులో అడుగు పెట్టీ పెట్టగానే మనవరాలి ముక్కు తమ వంశానిదని తీర్పు ఇచ్చింది.

"చెవులన్న మాకు ఇడిశిపెట్టు వదినె" అంది శివవ్వ.

"చెవులు ఇంక విప్పుకోలే. సూద్దాం."

కాన్పు అయిన మరునాడు సంగన్న వచ్చి, బట్టలు సర్దమన్నాడు. వార్డులో ఉన్న శుభాంగి సిస్టర్ అడ్డం వచ్చింది. ఆమె మరాఠీ మనిషి. రూపాలికి రక్తం తక్కువుంది, రేపు పెద్ద మేడం ఒకసారి చూస్తుంది, చూశాక తీసుకుపొమ్మంది.

"రేపు అమాస సిస్టర్. బాలెంతను కదిలియ్యద్దు."

"మగ పర్వా న్యా, కాకా. ఎల్లుండి తీస్కపోండి."

"అమాస ఈడ గడుపుడా? పచ్చి బాలెంత. ఇంటికాడ మంత్రసాని లచ్చవ్వ నీళ్ళు కాగవెట్టి కూసున్నది."

సిస్టర్ ఇంకా ఏదో చెప్పింది. సంగన్న చేతులు కట్టుకుని, తల వంచుకుని, ఎంతో వినయంగా విన్నాడు. అతని వినయం చూసి ఒప్పుకున్నాడనుకునేవాళ్ళు అతన్ని ఎరగనివాళ్ళు.

మంచం మీది నుంచి రూపాలి పిలిచింది. "బాపూ, మేడం జూసినంక పోదామా?"

"ఎందుకు బిడ్డా?"

రూపాలి తల్లి వైపు చూసింది. శివవ్వ లడ్డూల డబ్బా వైపు చూసింది. రూపాలి పన్నెండో తరగతి చదివింది. బ్యాంకులో మేనేజరుతో తగువు పడి గెలిచిన పిల్ల. కానీ ఎందుకు అన్న ఆ ప్రశ్నకు తండ్రి ముందు చెప్పగలిగే జవాబు ఏ తరగతిలోనూ నేర్పలేదు.

"ఊకెనే" అంది.

"ఊకెనే అయితె ఇయ్యాల్నే పోదాం."

సొంత జవాబుదారీ మీద తీసుకుపోతున్నానని సంతకం పెట్టి, సంగన్న బిడ్డను దింపుకొచ్చాడు. ఒక సీటు తీసేసిన వెనక భాగంలో బొంత మీద బొంత వేసి పడుకోబెట్టారు. శివవ్వ పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని తల దగ్గర కూర్చుంది. అనుసూయాబాయి కాళ్ళ దగ్గర. సంగన్న అద్దం పైకి తిప్పాడు. పరాయి ఆడపిల్లలకు ఇచ్చిన గౌరవం కన్నబిడ్డకు ఇవ్వకపోతే ఇక ఆ నియమానికి అర్థమేముంది?

పత్తి విచ్చుకునే రోజులు. ఎండ మెత్తగా ఉంది. జీపు తన సహజమైన గాంభీర్యంతో కదిలింది. ఒక సైకిలువాడు దాటిపోతూ "రాం రాం సంగన్న మామా" అన్నాడు. చాలాసేపటికి గాని కనుమరుగు కాలేదు.

డ్రైవరు సీటులో సంగన్నకు వెనక నుంచి వచ్చేవి గొంతులు మాత్రమే. బాలెంతల బండిలో ఆడవాళ్ళు ఒక రకంగా మాట్లాడుకుంటారు. అవసరమైన మాట గుసగుస, అక్కరలేని మాట బిగ్గరగా. అనుసూయాబాయి బారసాలకు ఎవరెవరిని పిలవాలో బిగ్గరగా చెబుతోంది. దాని అడుగున జరిగిన సంభాషణ సంగన్నకు వినపడలేదు.

"అవ్వా, మస్తు పోతున్నది" అంది రూపాలి.

శివవ్వ పసిపిల్లను వియ్యపురాలి ఒళ్ళో పెట్టి, దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసింది. బట్ట మార్చింది. ఉమ్రి వైపు పోయే రోడ్డెక్కి కాస్త దూరం పోయారో లేదో మళ్ళీ మార్చింది.

"వదినె, గింత పోతదా?"

"పోవాలె. చెడు నెత్తురు లోపల నిల్సుంటేనే మోసం. నాకు మా పెద్దోడు పుట్టినప్పుడు ధోతి జోడు తడిసింది. సచ్చిన్నా?"

చావలేదన్నదానికి సాక్ష్యం ఎదురుగానే కూర్చుని ఉంది గనక శివవ్వ వాదించలేదు. కానీ మూడో బట్ట కూడా తడిసింది.

"ఓ రూపాలి బాపూ, జర ఆపు."

"ఎందుకు?"

శివవ్వ నోరు తెరిచి, మూసింది. ఈ మాట మొగునికి ఒకసారి చెప్పవచ్చునేమో. తండ్రికి చెప్పరాదు. ఆ మొగుడూ ఈ తండ్రీ ఒక్కడే కావడం ఆ రోజు వచ్చిన చిక్కు. పక్కన వియ్యపురాలు కూడా ఉంది.

"ఏం లేదు. తోలు."

సంగన్న తోలాడు. ఆడవాళ్ళు ఏం లేదంటే ఏమీ అడగకూడదు. అదీ అతని మర్యాదలో భాగమే.

ఇంకొంత దూరం. పసిపిల్ల కోసం తెచ్చిన మెత్తటి పాత చీర ముక్కలు కూడా అయిపోతున్నాయి.

"రూపాలి బాపూ."

"ఆఁ?"

"జర జల్ది తోలరాదు."

"జల్ది తోల్తె బాలెంత కదులుతది గదా" అన్నాడు సంగన్న, ఇన్నేండ్ల తర్వాత సొంత భార్యకు మొదటి పాఠం చెప్పవలసి వచ్చిందే అన్న ఆశ్చర్యంతో.

ఆ తర్వాత వెనక మాటలు ఆగిపోయాయి. బారసాల ఆగిపోయింది, గుసగుస ఆగిపోయింది. సంగన్న బాలెంతల్ని ఎందరిని తెచ్చాడో అతనికే లెక్క లేదు. వాళ్ళు మూలగడం విన్నాడు, ఏడవడం విన్నాడు, అత్తల్ని తిట్టడం విన్నాడు. ముగ్గురు ఆడవాళ్ళున్న బండిలో ఇటువంటి నిశ్శబ్దం ఎన్నడూ వినలేదు. పసిపిల్ల ఒక్కతే సన్నగా ఏడుస్తోంది. దాన్ని ఎవరూ ఊరుకోబెట్టడం లేదు.

"బిడ్డా" అన్నాడు.

జవాబు లేదు.

సంగన్న చెయ్యెత్తి అద్దాన్ని కిందికి తిప్పాడు.

రూపాలి మొహం అందులో నిండుగా కనపడింది. పెదవులు ఏవో, చెంపలు ఏవో తెలియడం లేదు. అంతా ఒక్కటే రంగు, గోడకు కొట్టిన సున్నం రంగు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. శివవ్వ ఆమె తలను పొట్టకు అదుముకుని కూర్చుంది. శివవ్వ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

రోడ్డు పక్క చెలకలోకి ముందు చక్రాలు దింపి, పత్తి చెట్లు విరుగుతుండగా సంగన్న జీపును మలిపాడు.

అనుసూయాబాయి ఉలిక్కిపడింది. "అన్నా, ఏం జేస్తున్నవే! బాలెంతను ఎనుకకు తీస్కపోతరా? అమాస మీదికస్తున్నది. మలిపితె మళ్ళ రాదని నువ్వే అంటవు గద!"

"నేనే అన్న" అన్నాడు సంగన్న. "నేనే మలుపుతున్న."

ఆ రోజు ఆ రోడ్డు మీద ఆ జీపును చూసినవాళ్ళు, దాన్ని ఎవరో ఎత్తుకుపోతున్నారనుకున్నారట. హారను మీద పెట్టిన చెయ్యి తీయలేదు. గుంతలన్నీ చక్రాల కింద తమ సంగతి చెప్పుకుంటూ పోయాయి. శివవ్వ ఒక్క గుంతకూ అతన్ని తిట్టలేదు.

రైల్వే గేటు మాత్రం ఎవరికీ దారి ఇవ్వదు. ఇటు వచ్చేటప్పుడు తెరిచి ఉన్న గేటు ఇప్పుడు వేసి ఉంది. ఎదురుగా గూడ్సు బండి పెట్టె తర్వాత పెట్టె, పెట్టె తర్వాత పెట్టె పోతోంది. సంగన్న సీటు మీద మొత్తం వెనక్కి తిరిగాడు. చెయ్యి చాపితే అందింది రూపాలి పాదం. పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఆ పిల్ల నడక నేర్చుకునేటప్పుడు ఆ పాదంలో ముల్లు తీసిన తర్వాత అతను దాన్ని ముట్టుకున్నది పెండ్లిలో కడిగినప్పుడు ఒక్కసారే.

"బిడ్డా. ఒక్క మాట మాట్లాడు బిడ్డా."

పెదవులు కదిలాయి. శివవ్వ వంగి విని చెప్పింది. "గేటు తీస్తరు తియ్ బాపూ, అంటున్నది."

గేటు తీశారు.

దవాఖానలో శుభాంగి సిస్టర్ డ్యూటీ దిగి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగుతోంది. జీపును చూసి సంచి అక్కడే వదిలేసింది. చెప్పానా, విన్నారా అని ఆమె ఒక్క మాట అనలేదు. స్ట్రెచరుతో పాటు పరుగెత్తుతూ అడిగింది.

"కధీపాసూన్, కాకా? ఎప్పటినుంచి? ఎన్ని బట్టలు తడిసినయి?"

సంగన్న నోరు తెరిచాడు. నాందేడ్ నుంచి సరిహద్దు దాకా ప్రతి గుంత ఎరిగిన మనిషికి, తన వెనక సీటులో ఏం జరిగిందో తెలియదు.

చెప్పింది శివవ్వ. వరండాలో, కాంపౌండర్లు, పరాయి మగవాళ్ళు, సంగన్న, అనుసూయాబాయి అందరూ వింటుండగా, గొంతెత్తి, మరాఠీలో, ఎక్కడ మొదలైందో, ఎన్ని మార్చిందో, ఎంతెంత గడ్డలు పడ్డాయో చెప్పుకుంటూ స్ట్రెచరు వెంట పోయింది. లోపలి తలుపు మూసుకుంది.

బయట సంగన్న, వియ్యపురాలు, మధ్యలో పసిపిల్ల. అనుసూయాబాయి పిల్లను ఊపుతూ చాలాసేపు గోడ వైపు చూసింది.

"అన్నా, నేను ధోతి జోడు అన్న" అంది చివరికి. "నాకు నిజంగ ఎంత పోయిందో నాకు యాదికి లేదు. మా అత్త అట్ల అంటుండె. నేనూ అట్లనే అంటున్న."

బిడ్డ ఊకెనే అన్నప్పుడు, ఇయ్యాల్నే పోదామని తను అన్న మాట సంగన్నకు ఆ గోడ మీద కనపడుతోంది.

లోపల మాయ ముక్క ఒకటి మిగిలి ఉందని, తీశామని, రక్తం ఎక్కిస్తున్నామని పెద్ద మేడం వచ్చి చెప్పింది. బతుకుతుందని అప్పుడే చెప్పలేదు. అమాస పొద్దంతా సంగన్న ఆ వరండాలోనే కూర్చున్నాడు. ఎవరో గుర్తుపట్టి, "సంగన్నా, మా కోడలిని ఎప్పుడు కదిలియ్యాలె? మూర్తం జెప్పు" అని అడిగారు.

"డాక్టరమ్మను అడుగుండ్రి" అన్నాడు సంగన్న. అతని నోట ఆ మాట విన్న మొదటి మనుషులు వాళ్ళే.

మరునాడు పొద్దున రూపాలి కళ్ళు విప్పి, పిల్లను అడిగింది. పిల్ల తర్వాత చాయ్ అడిగింది. శివవ్వ చాయ్ కోసమని బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చాయ్ తెచ్చింది సంగన్నే.

ఈసారి తీసుకుపోవడానికి తొందర పడలేదు. పెద్ద మేడం పొమ్మన్న రోజు బుధవారం. సంగన్న ఆ సంగతి ఎత్తలేదు. శుభాంగి సిస్టర్ ఆడవాళ్ళిద్దరినీ నిలబెట్టి, ఇంత తడిస్తే ఏం చేయాలి, జ్వరమొస్తే ఏం చేయాలి, కళ్ళు తిరిగితే ఏం చేయాలి అని చెబుతోంది. సంగన్న అలవాటు చొప్పున దూరంగా జరిగి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"కాకా, తుమ్హీ పణ ఐకా" అంది సిస్టర్. "మీరు గూడ ఇనుండ్రి. బండి తోలేది మీరే గద."

సంగన్న దగ్గరికి వచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేల చూపు చూస్తూ, ప్రమాణ స్వీకారం చేస్తున్నవాడిలాగా ప్రతి మాటకూ తలూపుతూ విన్నాడు. ఒక మాట అర్థం కాక మళ్ళీ అడిగాడు కూడా. శివవ్వ నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జీపు కదిలింది. ఎవరూ బిగ్గరగా మాట్లాడటం లేదు. దారిలో మొదటి ఊరు ముద్ఖేడ్ రాకముందే సంగన్న బండి పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు రెండు చేతులా గట్టిగా పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా."

"ఆఁ, బాపూ."

"తడుస్తున్నదా?"

అనుసూయాబాయి చటుక్కున పత్తి చేల వైపు తిరిగింది. శివవ్వ కదలలేదు. అంత పెద్ద రోడ్డు మీద ఒక్క బండి కూడా రాలేదు ఆ కాసేపు.

"లేదు బాపూ. తోలు."

ముద్ఖేడ్ దాటాక మళ్ళీ ఆపాడు, మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. ఉమ్రి దగ్గర ఆపి అడిగినప్పుడు పక్కనే టైరుకు గాలి కొట్టించుకుంటున్న ఇద్దరు మగవాళ్ళు తిరిగి చూశారు. సంగన్న వాళ్ళను పట్టించుకోలేదు.

"తడిస్తె నేనే జెప్త బాపూ" అంది రూపాలి. "ఒర్రి జెప్త. ఊరంత ఇనేటట్టు జెప్త. ఇగ నువ్వు తోలు, పిల్లకు ఆకలైతున్నది."